సమవయస్కులం

కొత్త సంవత్సరం వస్తోందంటే చాలు, అందరం ఏదో ఒక లక్ష్యం పెట్టుకుంటాం. బరువు తగ్గాలి, పెందలాళే లేవాలి, తీపి తగ్గించాలి, రోజూ నడవాలి. కొత్త డైరీ మొదటి పేజీలో శ్రద్ధగా రాసుకుంటాం. ఆ శ్రద్ధ సంక్రాంతి అరిసెల దాకా నిలిచిందంటే గొప్పే. ఆరంభశూరులని తెలుగువాళ్లకు ఎప్పుడో పేరు పడింది. కానీ ఇదే మనుషులు పిల్లల్ని ఏళ్ల తరబడి వేళకు బడికి తయారుచేస్తారు. మంచాన పడ్డ తల్లికి పూట తప్పకుండా మందు వేస్తారు. పట్టుదల లేనివాళ్లయితే అవన్నీ ఎలా చేస్తారు? ఎదురుగా ఒక ప్రాణి మన కోసం కనిపెట్టుకుని ఉంటే మనం తప్పం. మన ఒక్కరి కోసమే అనుకున్న పనినే రేపటికి వాయిదా వేస్తాం.

పూజలో సంకల్పం ఎలా చెబుతారో ఒకసారి తలుచుకోండి. పురోహితుడు కల్పం దగ్గర మొదలుపెట్టి మన్వంతరం, యుగం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం మీదుగా ఇవాళ్టి తిథి, వారం దాకా దిగి వస్తాడు. ఆ మధ్యలోనే, యుగం చెప్పాక, మనం కూర్చున్న చోటు కూడా చెబుతాడు. మా బెజవాడలో అయితే కృష్ణా గోదావరుల నడుమ. ఆ పైన గోత్రం, పేర్లు. అప్పుడు గానీ ఆయురారోగ్యాలు అడగడు, అది కూడా ఇంటిల్లిపాదికీ కలిపి అడుగుతాడు. ఏ కాలంలో ఉన్నాం, ఎక్కడ ఉన్నాం, ఎవరితో ఉన్నాం అన్నది తేల్చుకున్నాకే కోరిక. పెద్దలు పెట్టిన ఈ వరస నాకు చాలా ఇష్టం. మా ఇంటిల్లిపాదిలో గవ్వ కూడా ఉంది.

గవ్వ మా కుక్క. వీధిలో పుట్టిన దేశవాళీది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు చూసి మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. అమ్మాయి చదువు ముగించుకుని ఉద్యోగానికి పుణె వెళ్లింది. ఇంట్లో ఇప్పుడు మావారు, మా అత్తయ్యగారు, నేను, గవ్వ.

కుక్క వయసును ఏడుతో హెచ్చవేస్తే మనిషి వయసు వస్తుందని చాలామంది చెబుతారు. పశువైద్యులు ఆ లెక్కను ఒప్పుకోరు. కుక్క మొదటి ఏడాదిలోనే మనిషి పదిహేనేళ్లలో ఎదిగినంత ఎదుగుతుంది. రెండో ఏట మరో తొమ్మిదేళ్లు కలపాలి. అక్కణ్ణుంచి ఏడాదికి నాలుగైదేళ్ల చొప్పున లెక్క. పెద్ద ఒళ్లున్న జాతులు ఇంకా త్వరగా ముసలివవుతాయి. గవ్వకు ఎనిమిదేళ్లు నిండాయి కాబట్టి మన లెక్కలో యాభై దాటింది. నాకూ యాభై దాటాయి. పిల్లగా వచ్చినప్పుడు నా ముందు పరుగెత్తి, వెనక్కి తిరిగి, ఎందుకింత ఆలస్యమన్నట్టు చూసేది. ఇంకో రెండేళ్లు పోతే నేనే ఆగి వెనక్కి తిరిగి చూడాల్సి వస్తుంది. ఈ ఏడు మాత్రం మా ఇద్దరి అడుగూ ఒకటే. ఇద్దరం సమవయస్కులం.

ఇది తట్టాక ఈ ఏటి సంకల్పం ఇద్దరికీ కలిపే చెప్పుకోవాలనుకున్నాను. జంటగా పెట్టుకునే ఏ లక్ష్యానికైనా ఒక ధర్మం ఉంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదో వాళ్ల అడుగును బట్టి కొలత పెట్టుకోవాలి.

మొదటిది నడక. జనవరిలో బెజవాడ మనిషికీ కుక్కకీ కూడా మంచి ఊరు. తెల్లవారుజామున బందరు కాలువ మీద పొగమంచు ఉంటుంది. గుళ్లోంచి తిరుప్పావై వినిపిస్తూ ఉంటుంది. వాకిళ్లన్నీ ముగ్గులతో నిండి ఉంటాయి కాబట్టి మా వీధి దాటేదాకా గవ్వ పట్టా పొట్టిగా పట్టుకుని రోడ్డు మధ్యగా నడిపిస్తాను. గొబ్బెమ్మల దగ్గర దాని ముక్కు ఆగుతుంది. ‘పద’ అంటే కదులుతుంది. గట్టు మీదికి చేరాక పట్టా వదులు చేస్తాను. అక్కణ్ణుంచి నడక దానిది.

అక్కడ ఒక తుమ్మచెట్టు ఉంది. గవ్వ రోజూ దాని మొదలు దగ్గర నిలబడుతుంది. ముందు పైపైన వాసన చూస్తుంది. తర్వాత ఒకే చోట ముక్కు ఆనించి, చిన్న చిన్న ఊపిర్లు గబగబా తీస్తుంది. ముక్కుపుటాలు అంచుల దగ్గర చీలి కదులుతుంటాయి. చెవులు వెనక్కి వాలతాయి. కళ్లు తెరిచే ఉన్నా అది దేన్నీ చూడదు. రాత్రి ఆ చెట్టు దగ్గరికి ఎవరొచ్చారు, ఆడదా మగదా, కొత్తదా తెలిసినదా, అన్నీ అక్కడ తెలుసుకుంటుంది. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు అరవై లక్షల దాకా ఉంటే, కుక్కకు ఇరవై కోట్లకు పైగానే ఉంటాయని అంచనా. వాసన చూడనివ్వకుండా గబగబా లాక్కుపోతే దాని కాళ్లకు పని దొరుకుతుంది గానీ బుర్రకు దొరకదు. ముక్కుకు తీరిక దొరికిన కుక్క ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది. చెప్పులు కొరకడం, అయినదానికీ కానిదానికీ మొరగడం చాలామటుకు తగ్గుతాయి.

అందుకని నడకకు దూరం కొలత పెట్టుకోలేదు, సమయం పెట్టుకున్నాం. పొద్దున అరగంట చురుగ్గా నడక, ఆ పైన ఒక పది నిమిషాలు దాని ముక్కు చెప్పినట్టు. సాయంత్రం వీధి చివరిదాకా వెళ్లి రావడం. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో ఐదు పొద్దుల అరగంట నడకతో నా వాటా పూర్తవుతుంది. దాని వాటా రోజూ ఉండాల్సిందే కాబట్టి నాకు ఇంకా మిగులుతుంది.

ఈ లెక్క ఉగాది దాకానే చెల్లుతుంది. మన ఎండలకు ఏడాది పొడవునా ఒకటే నియమం పనికిరాదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల మెత్తల దగ్గర కాస్త పడుతుందంతే. ఒంట్లో వేడి పోవాలంటే నాలుక చాపి ఒగర్చడమే ముఖ్యమైన దారి. ఉక్కపోత ఎక్కువైతే ఆ దారి కూడా మూసుకుపోతుంది. చైత్రం వచ్చిందంటే మా నడక సూర్యుడికంటే ముందు మొదలై, ఎండ పొడ రోడ్డు మీద పడేలోపు ముగియాలి. సాయంత్రం నడకకు ముందు అరచేతి వెనక వైపు తారురోడ్డు మీద ఆనించి చూస్తాను. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని కాళ్లు కూడా ఉండలేవు. కుక్క ఆపకుండా ఒగరుస్తూ, చొంగ కారుస్తూ, చిగుళ్లు ఎర్రబడి, తూలుతోందంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చలిదేశాల హస్కీని, ముక్కు నొక్కుకుపోయిన పగ్‌ను పెంచుకునేవాళ్లు మన మే నెలను ముందే దృష్టిలో పెట్టుకుని ఏడాది ప్రణాళిక వేసుకోవాలి.

రెండోది తిండి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన లక్ష్యం ఇదే, ఎందుకంటే ఇందులో ప్రేమ కలిసి ఉంది. మా అత్తయ్యగారు భోజనానికి కూర్చుంటే గవ్వ ఆవిడ కుర్చీ పక్కనే ముందుకాళ్లు జాపి కూర్చుంటుంది. అడగదు, మొరగదు. ఊరికే చూస్తుంది. ‘నోరులేని జీవం అలా చూస్తుంటే నాకు ముద్ద ఎలా దిగుతుందమ్మాయ్!’ అంటారావిడ. పెరుగన్నం ముద్దొకటి కిందికి వెళుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్కకు మునుపటికంటే తక్కువ తిండి సరిపోతుంది. ఆకలి మాత్రం తగ్గదు. గవ్వ నడుము దగ్గరి నొక్కు క్రమంగా పూడుకుపోయింది.

డిసెంబరులో పరీక్షకు తీసుకెళ్లినప్పుడు అత్తయ్యగారు కూడా వచ్చారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. గవ్వను బల్ల మీదికి ఎక్కించాక, ‘మామ్మగారూ, మీ చెయ్యి ఒకసారి ఇవ్వండి’ అంది. ఆవిడ చేత పిడికిలి బిగింపించి, మెటికల మీద రెండో చేతి వేళ్లతో తడిమి చూడమంది. ‘పక్కటెముకలు ఇలా గట్టిగా తగిలితే కుక్క బక్కచిక్కినట్టు.’ పిడికిలి విప్పించి అరచేతి మెత్తని భాగం తడిమించింది. ‘ఇలా తగిలితే ఒళ్లు చేసినట్టు.’ చెయ్యి తిప్పి, వేళ్లు చాపించి, చేతి వెనక వైపు తడిమించింది. ‘ఇలా, పల్చగా చర్మం, దాని కింద ఎముక తెలుస్తూ ఉంటే సరైన బరువు. ఇప్పుడు గవ్వను చూడండి.’ అత్తయ్యగారు గవ్వ డొక్కల మీద వేళ్లు పెట్టి చాలాసేపు తడిమారు. మళ్లీ తన అరచెయ్యి తడుముకున్నారు. ‘మెత్తగా ఉందమ్మా’ అన్నారు మెల్లగా.

పెట్టవద్దు అని ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. ‘రోజుకు పెట్టే తిండి పొద్దున్నే కొలిచి, అందులోంచి గుప్పెడు తీసి ఒక డబ్బాలో వేసి మామ్మగారికి ఇవ్వండి. ఆవిడ ఎప్పుడు పెట్టాలనుకుంటే అప్పుడు అందులోంచి ఒక్కో పలుకు పెడతారు. గవ్వకు కావలసింది ఆవిడ చెయ్యి. ఆ చేతిలో ఎంత ఉందో అది లెక్కపెట్టుకోదు’ అంది. అప్పట్నుంచి ఊరగాయ జాడీల పక్కన ఒక స్టీలు డబ్బా చేరింది. మధ్యాహ్నం భోజనం కాగానే డబ్బా మూత చప్పుడవుతుంది. ఒక్కో పలుకూ పెట్టినప్పుడల్లా అత్తయ్యగారు దాని తల నిమిరి ఒక కబురు చెబుతారు. పెరుగన్నం ముద్ద రోజుల్లో పెట్టడం, తినడం, రెండూ క్షణంలో అయిపోయేవి. ఇప్పుడు ఇద్దరికీ అరగంట కాలక్షేపం.

తక్కువ తినడం వల్ల ఎంత మేలో చెప్పే పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కల్లో ఒకే ఈతలో పుట్టినవాటిని జంటలుగా చేసి, జంటలో ఒకదానికంటే రెండోదానికి నాలుగో వంతు తక్కువ తిండి పెడుతూ బతికినంతకాలం గమనించారు. 2002లో వెలువడిన ఫలితం ప్రకారం తక్కువ తిన్నవి సుమారుగా రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్లనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. పన్నెండేళ్ల ఆయుష్షులో రెండేళ్లంటే ఆరో వంతు. ఏ మందూ ఇవ్వలేని వరం ఇది. దీన్ని ఇచ్చే అధికారం కుక్క చేతిలో లేదు, గిన్నెలో వడ్డించే చేతిలో ఉంది. మనిషి తన బరువు సంగతి తానే తేల్చుకోవచ్చు. కుక్క బరువుకు పూర్తి బాధ్యత మనదే.

అన్నం పెట్టడమే తప్పని కొందరు భయపెడతారు. తోడేలు నుంచి కుక్కగా మారే క్రమంలో మనిషి తిండిలోని పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి వాటికి పెరిగిందని 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. వేల ఏళ్లుగా మన గింజలు తింటూ మన పక్కన బతికిన జీవాలవి. అయితే ఉత్త అన్నం మీద బలం నిలవదు. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం, కాస్త గుమ్మడి, క్యారెట్ కలవాలి. ఉప్పూకారాలు కలవకూడదు. చిరుతిండి ఎంత పెట్టినా రోజు మొత్తం తిండిలో పదో వంతు మించకూడదు.

కొత్త సంవత్సరం రాత్రి మాత్రం అందరూ జాగ్రత్తగా ఉండాలి. ఆ రాత్రి మన ఇళ్లల్లో ఉండేవి చాక్లెట్ కేకు, బిర్యాని. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క గుండెను అదుపు తప్పిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముక పుల్లలుగా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. సంక్రాంతి పరమాన్నంలో వేసే కిస్‌మిస్, మామూలు ద్రాక్ష కిడ్నీలను పాడుచేయగలవు. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో వాడే జైలిటాల్ కొద్దిగా కడుపులో పడినా ప్రమాదమే. ఇంటికొచ్చే చుట్టాలకు కాఫీతో పాటు ఈ మాట కూడా అందించడం మా ఇంటి నియమం. టీతో బిస్కెట్లు తినే అలవాటు కూడా మాకు పోయింది. నేను తినకపోతే గవ్వకు విరిచి పెట్టే ముక్క కూడా ఉండదు.

మూడోది వైద్యం. మా వంటింటి గోడకు తిథుల క్యాలెండరు ఉంది. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసే ఆ కాగితం మీదే గవ్వ తేదీలు కూడా రాస్తాను. ఏడాదికి ఒకసారి రేబిస్ టీకా, దాంతోపాటు మిగతా టీకాలు. డాక్టరు చెప్పిన వేళకు నట్టల మందు. ఏడేళ్లు దాటింది కాబట్టి ఆరు నెలలకోసారి పళ్లు, గుండె, కిడ్నీల పరీక్ష. ఈసారి ఆ తేదీల పక్కనే నా తేదీలూ రాశాను. బీపీ, షుగరు, కంటి పరీక్ష. మన ఇళ్లల్లో ఆడవాళ్లు అందరి మందులూ గుర్తుపెట్టుకుంటారు, తమ పరీక్షలు మాత్రం వచ్చే నెలకు నెడుతూ పోతారు. గవ్వను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజు నేను ఎన్నడూ తప్పను. అందుకే ఆ రోజునే నా రోజు కూడా చేసుకున్నాను. కుక్కను పెంచుకునే ప్రతి అక్కచెల్లెలికీ నేను మనస్ఫూర్తిగా చెప్పే సలహా ఇదే.

రేబిస్ టీకా గురించి ఇంకాస్త చెప్పాలి. పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి 1885 జులై 6న లూయీ పాశ్చర్ టీకా మొదలుపెట్టించాడు. పిల్లవాడు బతికాడు. ఆ రోజు గుర్తుగానే ఏటా జులై 6న, పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద అవగాహన దినం జరుపుతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ పశువుల ఆసుపత్రుల్లో ఆ సందర్భంగా పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. లక్షణాలు పైకి కనిపించాక రేబిస్‌కు దాదాపుగా మందు లేదు. రాకుండా ఆపడానికి మాత్రం నూరుశాతం దారి ఉంది. ఒక ఊళ్లోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే జబ్బు గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కకాటు రేబిస్‌తో 2030 నాటికి ఒక్క ప్రాణం కూడా పోకూడదని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. గవ్వకు వేయించే ఒక్క టీకా ఆ 70 శాతంలో చేరుతుంది. మా వీధిలో తిరిగే కుక్కలు కూడా అందులో చేరాలి. వాటిలో చెవి కొస కత్తిరించి ఉన్నవి ఆపరేషన్ అయినవి. లేనివాటిని గుర్తుపెట్టుకుని కార్పొరేషన్‌వాళ్లకు చెప్పడం, టీకా వేసే రోజున వాటిని దగ్గరుండి పట్టించడం ఈ ఏడాది మా వీధివాళ్లం నలుగురం కలిసి మీద వేసుకున్న పని.

కుక్కలంటే భయపడేవాళ్ల మీద నాకు ఎంతమాత్రం కోపం లేదు. మా పక్కింటి పాపకు గవ్వ అంటే హడలు. ఆ పిల్ల ఎదురొస్తే నేను పట్టా బిగించి గవ్వను గోడవైపు నిలబెడతాను. ఎవరి కుక్క ఎంత మంచిదైనా రోడ్డు మీదికి పట్టా లేకుండా రాకూడదు. అది వదిలిన మలం మనమే ఎత్తాలి. ఇవి కూడా ఆరోగ్య లక్ష్యాలే, వీధి మొత్తానికి. ఏ కుక్క కరిచినా, పంటి గీత పడినా, సబ్బుతో పావుగంట ధారగా కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం రాస్తూ కూర్చోకూడదు.

వానాకాలానికి వేరే జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటి నీళ్లు నిలిచిన చోట ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ పుడుతుంది. అది కుక్కకీ వస్తుంది, మనిషికీ వస్తుంది. కుక్కకు ఏటా వేసే టీకాల్లో దానికీ టీకా ఉంది. అది వేయిస్తే కుక్కతో పాటు ఇంటికి కూడా రక్షణ.

గడ్డిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ పిడుదులు వెతకడం సాయంత్రం పని. గవ్వ వెల్లకిలా పడుకుని కాళ్లు నాకు అప్పగిస్తుంది. కాలివేళ్ల సందులు, చెవి మడతలు, చంకలు, తోక మొదలు. వేలికి ఆముదపు గింజ ఆకారంలో గట్టిగా తగిలితే అదే. దాన్ని గోళ్లతో నలపకూడదు. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా, నిదానంగా లాగాలి. పిడుదు జ్వరం మన ప్రాంతపు కుక్కలకు పెద్ద శత్రువు. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా ఆలస్యం చేయకూడదు. ఆ పది నిమిషాల వెతుకులాటలో దాని ఒళ్లంతా నా వేళ్లకు తెలిసిపోతుంది. ఎక్కడ కొత్త గడ్డ లేచింది, ఎక్కడ తాకితే ఉలిక్కిపడుతోంది, డొక్క ఎంత తగ్గింది, అన్నీ ఆ వేళప్పుడే బయటపడతాయి.

నాలుగోది మనసు. కుక్క, దాన్ని పెంచిన మనిషి ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. తల్లికీ బిడ్డకీ మధ్య అనుబంధాన్ని పెంచే పదార్థం అదే. కాబట్టి దీపాలు పెట్టాక కాసేపు ఫోను లోపలి గదిలో పెట్టి వరండాలో దాని పక్కన కూర్చోవడం కూడా మా పట్టికలో ఉంది. దీపావళికి బాణాసంచా చప్పుడంటే గవ్వ వణికిపోతుంది. ఆ పూట కిటికీలు మూసిన లోపలి గదిలో ఇంట్లో ఎవరో ఒకరు దాని దగ్గర ఉంటారని ఇప్పుడే అనుకున్నాం.

మహాభారతంలో కుక్కలు వచ్చే చోట్లలో రెండు మరిచిపోలేనివి. ఆదిపర్వం మొదట్లో సరమ అనే కుక్క కొడుకు జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటుంటే, ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ముళ్లు కొడతారు. సరమ వచ్చి రాజును నిలదీస్తుంది. చిట్టచివర, తమ్ముళ్లందరూ, ద్రౌపది పడిపోయాక, ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి తీసుకెళ్లే రథం ఎక్కనంటాడు. అంత పెద్ద కథ అన్యాయంగా దెబ్బలు తిన్న కుక్కపిల్ల దగ్గర మొదలై, విడిచిపెట్టనని మాట ఇచ్చిన మనిషి దగ్గరికి చేరుకుంటుంది. ధర్మరాజుకూ లక్ష్యం ఉంది. ఆ చివరి ప్రయాణంలో నడిచింది ఆ స్వర్గం కోసమే. అది చేతికి అందే క్షణంలో ఆయన తన వెంట నడిచినదాన్ని చూసి ఆగాడు. తోడును విడిచి చేరుకునే గమ్యం గమ్యమే కాదని ఆయన తేల్చేశాడు. ఎవరితోనైనా కలిసి లక్ష్యం పెట్టుకునేవాళ్లకు ఇంతకు మించిన పాఠం లేదు.

మనం పెట్టుకునే లక్ష్యాలన్నీ ఏటికేడూ పెరుగుతూ పోవాలని ఆశిస్తాం. నిరుటికంటే ఎక్కువ దూరం, ఎక్కువ వేగం, తగ్గితే ఓడిపోయినట్టు లెక్క. కుక్కతో కలిసి పెట్టుకున్న లక్ష్యం అలా నడవదు. వచ్చే ఏడు గవ్వ నాకంటే పెద్దదవుతుంది. అరగంట చురుకు నడక ఇరవై నిమిషాలు కావచ్చు. ఆ పై ఏడు కాలువ గట్టు దాకా వెళ్లలేక తుమ్మచెట్టు బదులు మా వీధి చివరి వేపచెట్టే దాని గమ్యం కావచ్చు. అప్పుడు కొలత తగ్గించడం నాకు చిన్నతనంగా ఉండదు. తగ్గించాల్సిన వేళకు గుర్తించి తగ్గించడం కూడా ఆ సంకల్పంలో భాగమే. మా అత్తయ్యగారి విషయంలోనూ, నా మోకాళ్ల విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుంది. ఆరోగ్యమంటే నిన్నటికంటే బలంగా ఉండడమని యౌవనంలో అనుకుంటాం. ఉన్న బలంతో, ఉన్నవాళ్లందరితో, ఇవాళ్టి పని ఇవాళ చేయగలగడమే ఆరోగ్యమని ఈ వయసులో నాకు తెలిసింది.

మీ ఇంట్లో కుక్క ఉంటే ఈ జనవరిలో ముందు దాని వయసు లెక్క కట్టండి. మీ వయసు పక్కన పెట్టి చూడండి. అది మీకంటే చిన్నదైతే దానితో పరుగెత్తండి, పెద్దదైతే దాని కోసం ఆగండి. మాలాగా సమవయస్కులైతే ఇది మీ ఇద్దరికీ ఒక్కసారే వచ్చే ఏడు. దాన్ని పొద్దున నడకతోనే మొదలుపెట్టండి.